‘మామూలే’ అన్న జవాబు

ఆ కళ్ళద్దాల దుకాణంలో ముందు గదికి వెలుగెక్కువ, వెనక గదికి నీళ్ళెక్కువ. ముందు గదిలో యజమాని వచ్చినవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు పెట్టి చూస్తూ, “మీకిది భలే నప్పిందండీ” అని అందరితోనూ ఒకే గొంతుతో అంటాడు. వెనక గదిలో ఎత్తు పీట మీద కూర్చున్న ఒక మనిషి, తిరిగే సానరాయికి అద్దం అంచును ఆనించి, అది ఫ్రేములో సరిగ్గా ఇమిడేవరకు అరగదీస్తూ ఉంటుంది. రాయి వేడెక్కకుండా పైన ఒక గొట్టంలోంచి సన్నటి నీటిధార పడుతుంది. ఆ ధార రాయికి తగిలి తుంపరగా లేచి ఆమె ముఖం మీదా మెడ మీదా వాలుతుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె తడి ముఖంతోనే పనిచేస్తోంది. వీధిలో ఆమెకున్న పేరు అద్దాలమ్మాయి. పెళ్ళయ్యాకా అమ్మాయే, తల్లయ్యాకా అమ్మాయే.

ఆమె చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత చురుకు. కొత్త అద్దాలు పెట్టుకుంటే మెట్లు పైకి లేచినట్టున్నాయని ఒక పెద్దాయన తగాదాకు వస్తే, మెట్లు లేవలేదనీ, ఇన్నాళ్ళూ ఆయనే పడుకుని ఉన్నాడనీ వెనక గదిలోంచే జవాబు చెప్పింది. తగాదాకు వచ్చిన మనిషి నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. “మా ఆయన రోజూ పైకొస్తాడు, సాయంత్రానికి కిందికొచ్చేస్తాడు” అని ఆమె అందరి ముందూ అనేది. ఆ మాటకు అందరికన్నా ముందు నవ్వేది ఆయనే.

నెలలు నిండేవరకు పీట మీదే ఉంది. కాన్పు తేలిగ్గా అయింది. ఆడపిల్ల. బరువు సరిపోయింది, కుట్లు మానాయి. ఆసుపత్రి దృష్టిలో ఆ తల్లి సంగతి అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత మొదలైనదానికి ఆమె దగ్గర పేరు లేదు. తెల్లవారి కళ్ళు తెరవగానే గుండెల మీద ఎవరో తడిబట్టల మూట పెట్టి వెళ్ళినట్టుండేది. పాలసీసా మూత బిగిస్తుంటే కన్నీళ్ళు వచ్చేవి, బిగించడం అయ్యేసరికి ఆగేవి. పాపకు పాలు పట్టేది, స్నానం చేయించేది, గుడ్డలు మార్చేది. ఏ పనిలోనూ లోపం ఉండేది కాదు. కాని దుకాణానికి ఎవరో మరమ్మతుకు ఇచ్చి వెళ్ళిన వస్తువును చూసుకున్నట్టే ఆ బిడ్డను చూసుకునేది. గీత పడకూడదు, పగలకూడదు, అడిగినప్పుడు తిరిగి ఇచ్చేయాలి. అడిగేవాళ్ళు వస్తారని ఆమె గట్టిగానే నమ్మింది.

ఆమెకు తల్లి లేదు. అత్తగారు ఉంది, ఒకే కప్పు కింద. ఆవిడ చెడ్డ మనిషి కాదు. తన ముగ్గురు పిల్లల్నీ తానే సాకి, నొప్పిని నొప్పి అనడం నామోషీ అన్న నమ్మకంతో బతికిన మనిషి. కోడలి కళ్ళు ఎర్రగా కనిపించినప్పుడు, “మా రోజుల్లో ఏడవడానికి తీరిక ఎక్కడేడ్చిందమ్మా” అనేది. అందులో వెటకారం కొంత, ఓదార్పు కొంత. ఏది ఎంతో ఆవిడకే తెలియదు.

సరిగ్గా ఆ కాలంలోనే ఊరి పెద్దాసుపత్రిలో ఒక పరిశోధన మొదలైంది. ప్రసవం తర్వాత కొందరు తల్లుల మనసు కుంగిపోతుంది. అది బద్ధకం కాదు, పొగరు కాదు, బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు. అది జబ్బు, నయమయ్యే జబ్బు. ముందుగా కనిపెట్టి, వారం వారం ఇంటికి ఒక శిక్షణ పొందిన మనిషిని పంపి, ఆ తల్లి చెప్పుకునేది విని, అవసరమైనచోట మందు ఇస్తే ఎంతమంది తేరుకుంటారు? ముదరక ముందే ఆపవచ్చా? పరిశోధన అడిగిన ప్రశ్నలు ఇవి. ఇంతకన్నా న్యాయమైన ప్రశ్నలు ఆ భవనంలో మరెవరూ అడగడం లేదు.

తల్లుల దగ్గరికి తీసుకెళ్ళవలసిన ప్రశ్నల్ని నలుగురు చదువుకున్నవాళ్ళు కూర్చుని తెలుగులో రాశారు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు, అందులో ఒకటి ఎంచుకోవాలి. మొదటి చిత్తులో మొదటి జవాబు ‘సాధారణ స్థాయి’ అని ఉండేది. ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్న మనిషి అలా మాట్లాడదని ఆ నలుగురిలో ఒకరు అన్నారు. నిజమే. దాన్ని కొట్టేసి ‘మామూలు’ అని రాశారు. అందరూ తల ఊపారు. వాళ్ళ ఉద్దేశం మంచిది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఫలితానికి ఎవరూ జవాబుదారీ కాకుండా పోరు.

ఎందుకంటే ఆ మాటకు తెలుగులో రెండు ముఖాలున్నాయి. జ్వరం తగ్గిందా అని అడిగితే ‘ఇప్పుడు మామూలుగానే ఉంది’ అంటాం, జ్వరం లేదని అర్థం. మీ ఆయన నిన్న కూడా తాగొచ్చాడా అని అడిగితే ‘మామూలే’ అంటాం, వచ్చాడని అర్థం. కుశలం చెప్పేటప్పుడు అది ‘ఏ తేడా లేదు’. బాధ చెప్పేటప్పుడు అది ‘రోజూ ఉండేదే, కొత్తగా చెప్పడానికేముంది’. పుట్టిన దగ్గర్నుంచి ఈ భాషలోనే మాట్లాడుతున్న ఆ నలుగురికీ ఇది తెలుసు. కాగితం ముందు కూర్చున్న ఆ పూట మాత్రం గుర్తు రాలేదు.

పాప ఇంకా మెడ నిలపకముందు ప్రశ్నలావిడ ఇంటికి వచ్చింది. ఆవిడను వీధిలో అందరూ అలాగే అనేవాళ్ళు. చేతిలో ఒక పలకలాంటి ఫోను, మెడలో ఆసుపత్రి కార్డు, మంచి గొంతు. ఆవిడకు నేర్పిన నియమం ఒకటే: రాసి ఉన్నది ఉన్నట్టు చదవాలి, వివరించకూడదు, తవ్వకూడదు, చెప్పిన జవాబుకు దగ్గరగా ఉన్నదాన్ని నొక్కాలి. ఇలాంటి నియమం అవసరమే. లేకపోతే అడిగే మనిషి తన ఊహను తల్లి నోట్లో పెడుతుంది. అత్తగారు పక్కనే కూర్చుని పాప బట్టలు మడతపెడుతోంది. ఆవిడను బయటికి వెళ్ళమనడానికి ఆ ఇంట్లో మరో గది వంటగది మాత్రమే.

నిద్ర ఎలా ఉందని ప్రశ్నలావిడ అడిగింది. మామూలే అంది. ఆకలి, మామూలే. పాపను ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? అదీ మామూలే. ఆమె అబద్ధం ఆడలేదు. అత్తగారి ముందు చెప్పదగ్గ నిజం ఆ ఒక్క మాటలోనే పడుతుంది, అందుకే దాన్నే పట్టుకుంది.

“ఏడుపు రావడం ఎలా ఉందమ్మా?”

“మామూలే అండి.”

“బతకడం ఎందుకు అనిపించడం?”

ఆమె నవ్వింది. “అదీ మామూలే. సీసా కడుగుతుంటే వస్తుంది, సీసా ఆరేలోపు పోతుంది.”

అత్తగారు నవ్వింది. ప్రశ్నలావిడ కూడా నవ్వింది. మన మాటల్లో చావు ఎప్పుడూ చవకే. పని ఎక్కువైతే చస్తాం, నవ్వు ఆపుకోలేకపోతే చస్తాం, ఉక్కపోసినా చస్తాం. నోటి చురుకు ఉన్న మనిషి అంటే ఇంకా నమ్మరు. ప్రశ్నలావిడ మొదటి జవాబు నొక్కి, పాప బుగ్గ తాకి, వెళ్ళిపోయింది.

ఫలితం ఫోనులో వచ్చింది. ఇచ్చిన నంబరు అత్తగారిది కనుక ఆవిడే విన్నది: మీ కోడలికి ఏమీ లేదు, అంతా మామూలుగానే ఉంది. ఆవిడ నిజంగానే తేలికపడింది. ఆ మాటను పై ఇంటికీ కింది ఇంటికీ పంచింది. వారం వారం వచ్చి వినే మనిషి ఆ గడపకు రాలేదు. ఏమీ లేనివాళ్ళ ఇంటికి ఎవరూ రారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు అద్దాలమ్మాయి పాపను ఎత్తుకుని మందుల దుకాణానికి వెళ్ళింది. పాలపొడి డబ్బా కావాలి. సంచిలోంచి డబ్బు తీయడానికి పాపను గాజు బల్ల మీద పడుకోబెట్టింది. డబ్బు ఇచ్చింది, డబ్బా తీసుకుంది, మెట్లు దిగి నడిచింది. మూల తిరుగుతుండగా వెనక నుంచి మందుల దుకాణమాయన గొంతు వినిపించింది. “అమ్మా, మీ పాప!” వీధి వీధంతా తల తిప్పింది.

ఆమె వెనక్కి వచ్చింది. కాళ్ళు వణుకుతున్నాయి. అందరూ చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. ఇన్నేళ్ళూ ఆమెను గట్టెక్కించింది నోరే కనుక, ఆ క్షణంలో కూడా దాన్నే నమ్ముకుంది.

“చిల్లరనుకున్నా, వదిలేశా” అంది.

ఎవరూ నవ్వలేదు.

మరిచిపోవడాన్ని వీధి క్షమించేదేమో. మాటను క్షమించలేదు. ఆమె ఇంటికి చేరేలోపే ఆ మాట చేరింది. బిడ్డను చిల్లరన్న తల్లి అనే పేరు ఆమె వెంట నడిచింది. కాళ్ళ వణుకును చూసినవాళ్ళు లేరు. మాటను మాత్రం విననివాళ్ళు కూడా విన్నట్టు చెప్పారు.

ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. భర్తకు అక్క. బడి ఎదురుగా పుస్తకాలూ పెన్సిళ్ళూ అమ్మే దుకాణం ఆవిడది. ఇద్దరు కొడుకులూ పెద్దవాళ్ళై ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఇంట్లో ఏ చిక్కు వచ్చినా చీర కొంగు బిగించి దిగే మనిషి. మరదలంటే అభిమానం ఉంది కూడా. అరవలేదు, తిట్టలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది.

“ఒంట్లో బాగోలేదంటే నేను అర్థం చేసుకుంటానే. డాక్టర్లే చూసి ఏమీ లేదన్నారు. మరి ఇదేంటి?”

“ఏముంది, కొవ్వు” అంది అత్తగారు వంటగదిలోంచి.

“అమ్మా, నువ్వూరుకో.” ఆడపడుచు మరదలి చెయ్యి పట్టుకుంది. “పాప కొన్నాళ్ళు నా దగ్గర ఉంటుంది. నువ్వు మామూలు మనిషివయ్యాక వచ్చి తీసుకెళ్ళు.”

భర్త నేల చూస్తూ, అక్క దగ్గరే కదా అన్నాడు. పాప బట్టలు సంచిలో సర్దింది తల్లే. అడిగేవాళ్ళు వచ్చారు, ఇచ్చేసింది. ఆమెకు అందులో ఆశ్చర్యం కలగలేదు. తలుపు మూసుకున్నాక మాత్రం, మూసిన తలుపు ముందే, నేల మీద కూర్చుండిపోయింది. ఆ వస్తువు ఎవరిదో కాదని, తనదేనని, అది చేతిలోంచి పోయాక తెలిసింది. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే: పాప తిరిగి రావాలి.

ఆమె ఏ ఉచ్చులో పడిందో సరిగ్గా చెప్పాలి. ఆసుపత్రి ప్రకారం ఆమె మామూలు మనిషి, కనుక చికిత్స లేదు. ఇంటి ప్రకారం ఆమె మామూలు మనిషి కాదు, కనుక బిడ్డ లేదు. జబ్బు లేదన్న తీర్పే ఆమె తప్పుకు సాక్ష్యమైంది. జబ్బు లేకుండానే బిడ్డను బల్ల మీద వదిలేసిన మనిషికి మరి ఏముండాలి? కొవ్వు ఉండాలి. ఆమెను విచారించినవాళ్ళు లేరు, ఆమె వాదన విన్నవాళ్ళు లేరు, షరతు మాత్రం విధించారు. ఆ షరతును నెరవేర్చడానికి దారి ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

ఆమె దుకాణానికి తిరిగి వెళ్ళింది. ఆదివారాలు ఆడపడుచు ఇంటికి వెళ్ళేది. వెళ్ళవద్దని ఎవరూ అనలేదు. కాని ఆమె పాపను ఎత్తుకున్నప్పుడల్లా ఆడపడుచు చేతిలో పని ఆపేసేది. రెండు చేతులూ కాస్త ముందుకు చాచి, పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడేది. తను అలా నిలబడుతున్నానని ఆవిడకే తెలియదు. చూసే తల్లికి తెలుసు. కాసేపటికి పాపను ఆ చాచిన చేతుల్లో పెట్టేసి, పని ఉందని చెప్పి వచ్చేసేది. పని ఉండేది కాదు. దుకాణంలో అద్దాలు అంచుల్లో పెళుసుగా విరుగుతున్నాయి. యజమాని రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి, “అమ్మాయ్, ఇవి అద్దాలా అప్పడాలా?” అన్నాడు. వెనక గదిలోంచి ఎదురు జవాబు రాలేదు. ఆయనకు నిజంగా భయం వేసింది అప్పుడే.

పరిశోధన నియమం ప్రకారం ప్రతి తల్లినీ కొంతకాలం తర్వాత మళ్ళీ అడగాలి. ఈసారి ఇంట్లో దొరకలేదు కనుక ప్రశ్నలావిడ దుకాణానికే వచ్చి, వెనక గదిలో ఒక పెట్టె మీద కూర్చుంది. చేతిలో ఉన్న జత సాయంత్రానికి ఇవ్వాలని, పని చేస్తూనే చెప్తానని అద్దాలమ్మాయి అంది. సానరాయి తిరుగుతోంది, నీళ్ళు చిమ్ముతున్నాయి, ఆమె ముఖమంతా తడి. నిద్ర మామూలే, ఆకలి మామూలే.

“ఏడుపు రావడం ఎలా ఉందమ్మా?”

“మామూలే.”

కరెంటు పోయింది. రాయి మూలుగుతూ ఆగింది. నీళ్ళు తోడే చిన్న మోటారు కూడా ఆగడంతో ధార నిలిచిపోయింది. అయిదు నిమిషాల్లో వస్తుందిలే అని ముందు గదిలోంచి యజమాని ఎవరితోనో అంటున్నాడు. అద్దాలమ్మాయి మెడ మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వెలుగులో ఆ ముఖం మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడుచుకుంది. మళ్ళీ తడిసింది. ఆమె మామూలుగానే కూర్చుని ఉంది, ఏడుస్తున్న మనిషిలా లేదు.

ప్రశ్నలావిడ వేలు తెర మీద ఆగింది. అడగకూడనిది అడిగింది.

“మామూలే అంటే?”

“అంటే ఏముందండీ, రోజూ వచ్చేదే. మీరు పోయినసారి వచ్చినప్పుడు ఉన్నట్టే.”

“పోయినసారి కూడా ఉందా?”

“ఉంది కదండీ. అప్పుడు కూడా చెప్పాను కదా.”

చెప్పింది. నిజంగానే చెప్పింది. ప్రశ్నలావిడ మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్ళి, ఒక్కొక్క మామూలుకూ అర్థం అడుగుతూ వచ్చింది. నిద్ర మామూలే అంటే తెల్లవార్లూ మెలకువ. ఆకలి మామూలే అంటే గుర్తు చేస్తేగాని తినకపోవడం. చివరి ప్రశ్న దగ్గర అద్దాలమ్మాయి ఈసారి నవ్వలేదు. ప్రశ్నలావిడ మెడలోని ఆసుపత్రి కార్డు తీసి సంచిలో వేసుకుంది. యజమానికి నాలుగు మాటలు చెప్పి, అద్దాలమ్మాయి చెయ్యి వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ జత అద్దాల సంగతి తను చూసుకుంటానని యజమాని అన్నాడు. ఆయనకు ఆ పని రాదు. అయినా అన్నాడు.

పరిశోధన నడిపే పెద్ద డాక్టరమ్మ ఆమెను ఆ సాయంత్రమే చూసింది. మందు రాసింది, ఒంటరిగా ఉండనివ్వవద్దని భర్తను పిలిపించి చెప్పింది. ఈ పనిలో ఆవిడను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ తర్వాత గది తలుపు మూసి ప్రశ్నలావిడ రెండో సంగతి ఎత్తింది. తను ఇన్ని ఇళ్ళకు వెళ్ళింది, ఇంతమంది ‘మామూలే’ అన్నారు, అన్నిటికీ మొదటి జవాబే నొక్కింది. వాళ్ళలో ఎందరు ఇలా ఉన్నారో?

డాక్టరమ్మ ఫోను అందుకుని ఆ జవాబుల్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత, పాత జవాబుల్ని ముట్టుకోవడానికి వీల్లేదంది. ప్రశ్న మధ్యలో మారిస్తే ముందు అడిగినవాళ్ళనూ తర్వాత అడిగినవాళ్ళనూ పోల్చలేమంది.

“పోల్చాలంటే వాళ్ళేం చెప్పారో ముందు మనకు తెలియాలి కదండీ” అంది ప్రశ్నలావిడ.

డాక్టరమ్మ వాదన శాస్త్రప్రకారం తప్పు కాదు. తప్పు కాని వాదనల వల్లే ఎక్కువ అన్యాయం జరుగుతుంది. వాటిని ఎదుర్కోవడానికి నిలబడే చోటు దొరకదు. అయినా డాక్టరమ్మ పరిశోధనను పర్యవేక్షించే పై సంఘానికి రాసింది. సంఘం కూర్చోవడానికి చాలాకాలం పట్టింది. కూర్చున్నాక ఆ మాట తీసేసి, ‘అసలు లేదు’ అనీ ‘రోజూ ఉంది’ అనీ తేటగా రాశారు. తర్వాత అడిగిన తల్లుల్లో జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువగా తేలారు. వాళ్ళ ఇళ్ళకు మనుషులు వెళ్ళారు, చాలామంది తేరుకున్నారు. పరిశోధన నిలబడింది. కాని అంతకుముందే అచ్చయిన తొలి నివేదికలో ఇక్కడి తల్లుల్లో ఈ జబ్బు అరుదు అన్న వాక్యం అలాగే ఉంది. దాన్ని చదివిన అధికారులు ఇంటింటికీ మనుషుల్ని పంపే ఖర్చు అనవసరమని తేల్చారు. ఆ తొలి విడత తల్లుల ఇళ్ళకు తిరిగి వెళ్ళి అడగాలన్న ఆదేశం ఎవరూ ఇవ్వలేదు. ప్రశ్నలావిడ గుర్తున్న కొన్ని గడపలకు సెలవు రోజుల్లో తనే వెళ్ళింది. అన్నీ గుర్తుండవు.

ఇంట్లో జరిగింది ఇంకోలా ఉంది. ఇది జబ్బేనని భర్త చెప్పినప్పుడు ఆడపడుచు, అప్పుడు ఏమీ లేదన్నవాళ్ళే ఇప్పుడు ఉందంటే ఏది నమ్మాలంది. అది న్యాయమైన ప్రశ్న. అత్తగారు మాత్రం వెంటనే నమ్మింది. నమ్మి, “జబ్బు మనిషి చేతికి పసిబిడ్డనెలా ఇస్తారు?” అంది. నిన్నటిదాకా జబ్బు లేదు కనుక ఇవ్వలేదు, నేటి నుంచి జబ్బు ఉంది కనుక ఇవ్వరు. రెండు వైపులా ఒకే తీర్పు వచ్చే చోట విచారణ జరిగిందనడం అబద్ధం.

చికిత్స మొదలైంది. పరిశోధన లెక్కలో ఆమె ఇంకా ఏమీ లేని తల్లే. అందుకని దానితో సంబంధం లేకుండా, డాక్టరమ్మ మాట మీద, వినే పని చేసే ఒకావిడ వచ్చేది. శుక్రవారాలు వచ్చేది కనుక శుక్రవారమావిడ. సలహాలు చెప్పేది కాదు. అత్తగారిని కింది ఇంట్లో కాసేపు కూర్చోమని మర్యాదగా పంపేసి, తలుపు దగ్గరగా వేసి, వినేది. మొదట్లో వినడానికి ఏమీ ఉండేది కాదు. ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఒక శుక్రవారం మందుల దుకాణం సంగతి బయటికి వచ్చింది. ఆ మాట తను ఎందుకు అన్నదో చెప్పడానికి అద్దాలమ్మాయికి ఆ పూటంతా పట్టింది.

భర్తను కూడా శుక్రవారమావిడ ఒకసారి కూర్చోబెట్టింది. ఆయన అప్పటికి చేయగలిగిందంతా చేస్తున్నాడు: బయటికి తీసుకెళ్ళడం, కొత్త ఫ్యాను కొనడం, నవ్వు, నవ్వు అని వెంటపడడం. మీరు బాగుచేయాలని చూస్తున్నారు, ఆపండి అంది. లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే ఏం చేస్తారని అడిగింది. తలుపు తెరుచుకునేదాకా బయట నిలబడి మాట్లాడుతూ ఉంటామన్నాడు. ఏం మాట్లాడతారంది. “ఏమీ ఉండదండీ. నేనిక్కడే ఉన్నాను అంటాం. మళ్ళీ మళ్ళీ అదే అంటాం.” చెప్తూ చెప్తూ ఆయన ఆగిపోయాడు. ఆ సాయంత్రం నుంచి ఫ్యాను సంగతీ నవ్వు సంగతీ ఎత్తలేదు. పని నుంచి వచ్చి ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

గుండెల మీది మూట ఒక్కసారిగా దిగలేదు. కొన్ని రోజులు తేలికయ్యేది, మళ్ళీ బరువెక్కేది. అద్దాలు విరగడం తగ్గింది. ఒకరోజు యజమాని ఎవరికో “మీకిది భలే నప్పిందండీ” అంటుంటే, వెనక గదిలోంచి, “నిన్న కూడా అదే ఫ్రేము, అదే మాట” అని వినిపించింది. యజమాని మాట మధ్యలో ఆపి, ఎందుకో కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరమ్మ మందు తగ్గించింది, తర్వాత మానిపించింది. కాని ఒక మనిషి తేరుకోవడానికి పట్టిన కాలం, ఒక పసిబిడ్డకు జీవితమంతా. ఆ కాలంలో పాప బోర్లా పడింది, పాకింది, నిలబడింది, నడిచింది. మొదటి మాట ఆడపడుచు ఇంట్లో పలికింది. అందరు పిల్లల్లాగే ‘అమ్మ’ అంది. ఎదురుగా ఉన్న మనిషిని అంది.

ఆడపడుచు దిద్దడానికి ప్రయత్నించింది. ఆదివారం తల్లి వచ్చినప్పుడు పాపను ఆమె వైపు తిప్పి, “నేను అత్తనే. అదిగో అమ్మ” అనేది. పాప ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆటనుకుని నవ్వేది. తల్లిని చూపించి ‘అత్త’ అనేది. వరస తెలిసిన ఇల్లంతా తలలు దించుకునేది. తల్లి ఆ పిలుపుకు పలికేది. ఏ పేరుతో పిలిచినా పిలుపే కదా అని శుక్రవారమావిడతో అంది.

చివరికి భర్త వెళ్ళి అడిగాడు. అరవడం తెలియని మనిషి, గడపలోనే నిలబడి, పాపను ఇచ్చెయ్యి అక్కా అన్నాడు. ఆడపడుచు కాదనలేదు. ఆ వారమంతా దుకాణం మూసి ఉంచింది. ఆదివారం తల్లి వచ్చేసరికి పాప బట్టలు, బొమ్మలు, నిద్రపోయేటప్పుడు పట్టుకునే పాత తువ్వాలు సంచిలో సర్ది ఉన్నాయి. ఆవిడ ముఖం ఉబ్బి ఉంది.

“తినేటప్పుడు పక్కకి చూస్తుంది. అప్పుడే పెట్టెయ్యాలి” అంది. “బలవంతం చేస్తే ఉమ్మేస్తుంది. నిద్రొస్తే ఎడమ చెవి లాక్కుంటుంది.”

“సరే వదినా.”

“నేను కొన్నాళ్ళు రానే. వస్తే నా వెంట పడుతుంది.”

మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇందులో ఎవరు ఎవరికి అన్యాయం చేశారో ఆ ఇద్దరి మధ్యా తేలదు. అన్యాయం చేసిన ఆ ఒక్క మాట ఆ గదిలో లేదు.

బస్సులో పాప ఏడ్చింది. ఇంటికి వచ్చాక ఏడ్చింది. అత్తగారు ఎత్తుకోబోతే విదిలించుకుంది. ముసలావిడ కోడలి వైపు చూసి, వంటగదిలోకి వెళ్ళింది. భర్త బొమ్మలు నేల మీద పరిచాడు. పాప వాటిని దాటుకుంటూ నడిచి, తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళి, చట్రం పట్టుకుని నిలబడింది. మెట్ల వైపు, మెట్ల కింద వీధి వైపు చూసింది.

“అమ్మా” అని పిలిచింది.

“ఆఁ” అంది తల్లి వెనక నుంచి.

పాప వెనక్కి తిరగలేదు. వీధి వైపే చూస్తూ మరింత గట్టిగా పిలిచింది. తల్లి పలికింది. సాయంత్రం వెలుగు తగ్గి, కింది ఇంటివాళ్ళు దీపం వేసుకునేదాకా ఆ బిడ్డ అటు పిలుస్తూనే ఉంది, ఆమె ఇటు పలుకుతూనే ఉంది.